కల్పితజాతులు - పరిహాసము

లేని జాతిని జూచి నవ్వినచో నొచ్చుకొనువా రెవరు? రక్తమాంసములు లేనిదియు, జనాభాలెక్కలలో చేరనిదియు, ఏ దేశపటమునందును చోటు లేనిదియు నగు నొక జాతి గ్రంథకర్తల యూహనుండి పుట్టి, బల్లచుట్టు కూర్చున్న యాటగాండ్ర మాటలలో మాత్రమే జీవించుచున్నది. దానిని తిండిపోతని గాని, మందబుద్ధియని గాని, పిరికిపందయని గాని వెక్కిరించిన నెవరికి నష్టము? పైకి జూచుటకు ఈ ప్రశ్న అల్పమైనదిగనే తోచును. అయినను దీనిని గూర్చి అమెరికాలోని యాటగాండ్రు చిరకాలమునుండి వాదులాడుకొనుచునే యున్నారు. 2022వ సంవత్సరమున నొక ప్రసిద్ధ ప్రచురణసంస్థ తన గ్రంథములోని యొక బొమ్మకును, కొన్ని వాక్యములకును బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను. ఆ వాదము వెనుక నున్న చరిత్ర చదువరులు తెలిసికొనదగినది. నేడు మన యిండ్లలోని బాలబాలికలు హైదరాబాదులో నుండినను, డల్లాసులో నుండినను ఇట్టి యాటలే యాడుచున్నారు గదా.

ముందుగా ఆట యెట్టిదో చెప్పవలెను. 1974వ సంవత్సరమున విస్కాన్సిన్ రాష్ట్రములోని లేక్ జనీవా యను చిన్న పట్టణమునుండి గేరీ గైగాక్సు, డేవ్ ఆర్నెసను అను నిరువురు రచించిన "డంజియన్సు అండ్ డ్రాగన్సు" వెలువడెను. మొదట అచ్చువేసినవి వేయి ప్రతులు. కాగితము, పెన్సిలు, పలు ముఖములు గల పాచికలు, నలుగురైదుగురు స్నేహితులు - ఇంతియే దీనికి గావలసిన సామగ్రి. ఒకడు సూత్రధారుడై కథ నడపును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి పలుకునో ఏమి చేయునో నోటితో చెప్పుదురు. చేసిన సాహసము ఫలించినదో లేదో పాచిక నిర్ణయించును. మన వీథినాటకమునకును పాచికలాటకును పుట్టిన బిడ్డ యనవచ్చును.

ఈ యాటలో మనుష్యులేగాక ఎల్ఫులు, డ్వార్ఫులు, ఆర్కులు మున్నగు జాతు లనేకములు కలవు. వీనిలో పెక్కింటికి ప్రసిద్ధి తెచ్చినది 1937లోను, 1954-55లోను వెలువడిన టోల్కీను గ్రంథములు. ఆటగాడు మొదట చేయవలసిన పనులలో నొకటి తన పాత్ర ఏ జాతిలో పుట్టినదో నిర్ణయించుకొనుట. చిరకాలము జాతినిబట్టి బలమునకో బుద్ధికో నేర్పునకో కొన్ని యంకెలు కలియుచుండెను, కొన్ని తగ్గుచుండెను. పుట్టుకయే గుణమును నిర్ణయించునను సిద్ధాంతముతో నిన్నిదినములు పోరాడిన మనకు ఈ లెక్కలు క్రొత్తవి కావు. 1978లో వెలువడిన ఆటగాండ్ర కరదీపికలో నొక పట్టిక గూడ నుండెను: ఏ జాతికి ఏ జాతియందు ప్రీతి, ఏ జాతియెడ సహనము, ఏ జాతిపై ద్వేషము అని గడిగడికి నొక యక్షరము వేసి చూపిరి. సగము మనిషియు సగము ఆర్కు నగు సంకరజాతికి డ్వార్ఫులవలన దక్కినది ద్వేషమే. దీనిని రచించినవారికి ఏ దురుద్దేశమును ఉన్నదని నే ననను. యుద్ధక్రీడల లెక్కలలో పెరిగినవారు ప్రతిదానికి నొక పట్టిక వేయుట సహజము. కాని అట్టి పట్టిక యొకటి చేతికందిన పిమ్మట, ఎవరిని జూచి నవ్వవచ్చునో ఆటగానికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ నవ్వు పూర్ణరూపము దాల్చినది 1984లో. ఆ యేట అదే సంస్థ "డ్రాగన్‌లాన్సు" అను కథాప్రపంచమును ప్రకటించెను. మార్గరెట్ వైసు, ట్రేసీ హిక్‌మను అను నిరువురు దానికి నవలలు వ్రాసిరి. అందు "గల్లీ డ్వార్ఫులు" అనెడి జాతి యొకటి ప్రవేశించినది. ఈ గల్లీ మన పేటలోని గల్లీ కాదు. ఆంగ్లమున కాలువగండికి ఆ పేరు. వీరు పొట్టివారు, మురికివారు. ఇతరులు విడిచిపోయిన శిథిలములలోను, చెత్తకుప్పలనడుమను కాపురముందురు. కొట్టబోయినచో కాళ్ళపై బడుదురు. వీరికి లెక్క తెలియదు: ఒకటి, రెండు. రెండు దాటినదంతయు వీరికి "రెండే". ముగ్గురు వచ్చినను రెండే, మూడువందలు వచ్చినను రెండే. ఈ పరిహాసమును చెప్పి చెప్పి నవ్వని యాటగాడు ఆ దినములలో నుండెనా యని సందేహము.

ఈ జాతి ఎట్లు పుట్టినదో ఆ గ్రంథకర్తలు చెప్పిన కారణమును మాత్రము మన చదువరులు నిదానించి చూడవలెను. డ్వార్ఫులును, నోమ్‌లును అను రెండు జాతులవారు పరస్పరము వివాహమాడగా, ఉభయకులముల సుగుణములును లోపించి ఈ సంతతి కలిగినదట. అందుచే రెండు కులములవారును వీరిని వెలివేసిరట! మనుస్మృతి పదవ యధ్యాయమును చదివినవారికి ఈ మాట ఎచ్చటనో విన్నట్లుండును. శూద్రునికిని బ్రాహ్మణస్త్రీకిని పుట్టినవాడు చండాలుడనియు, వాని నివాసము గ్రామమునకు వెలుపల ననియు, వానికి శవవస్త్రములే వస్త్రములనియు అచ్చట విధింపబడినది. లేక్ జనీవాలోని గ్రంథకర్తలు మనువును చదివి యీ కథ వ్రాసిరని యెవరు నమ్ముదురు? వినోదార్థమై వ్రాసికొన్నారు. అయినను చెత్తలో బ్రతుకు నొక జాతిని ఊహింపవలసి వచ్చినప్పుడు, ఆ చెత్త యెవరు పోసిరని యడుగక, వారి పుట్టుకలోనే దోషము వెదకుట వారికిని సులభముగ తోచినది. రెండువేల యేండ్ల దూరమును, సప్తసముద్రముల దూరమును ఈ సౌలభ్యమునకు అడ్డురాలేదు.

ఆ నవలకే మఱొక ముఖముగూడ కలదు. దానిని చెప్పకున్న న్యాయము కాదు. అందు బూపూ అను నొక గల్లీ డ్వార్ఫు స్త్రీ కలదు. రెయిస్ట్‌లిను అను మంత్రగాడు, రోగిష్ఠివాడు, చిన్ననాటినుండి తోడివారి యెగతాళికి గుఱియైనవాడు, కథలో నెవరియెడలను దయ చూపనివాడు, ఈమెను మాత్రము ఆదరముతో మాటాడించును. మొదట ఆమెను తనవైపు త్రిప్పుకొనుటకు మంత్రము వేసిన మాట నిజమే. కాని ఆతని మెత్తదనము మంత్రముతో ముగియలేదు. ఆ కథను ప్రేమించు పాఠకులు ఈ ఘట్టమును నేటికిని తలచుకొందురు. గ్రంథకర్తలు నవ్వించుటకు దెచ్చిన జాతియే వారి కథలోని కఠినహృదయునికి మనుష్యత్వము తెచ్చిపెట్టినది. కనుక పరిహాసమంతయు విషమేయని తీర్పు చెప్పుటకు తొందరపడరాదు.

ఇంగ్లండులోని సంగతి మఱియొక విధము. నాటింగ్‌హామునందలి గేమ్స్ వర్క్‌షాపు అను సంస్థ 1987లో వెలువరించిన "వార్‌హామర్ 40,000" అను యుద్ధక్రీడలో ఆర్కులున్నారు. వీరు లండను పామరుల యాసతో మాటాడుదురు. పుట్‌బాలు పందెముల కడ తలలు పగులగొట్టుకొను అల్లరిమూకలను బోలియుందురు. ఇచ్చట ఆంగ్లేయులు తమ వీథిలోని తమవారినే చూచి నవ్వుకొనుచున్నారు. మన సంస్కృతనాటకములలో విదూషకుడు తిండిపోతైన బ్రాహ్మణుడే యగుట యిట్టిదే. అగ్రవర్ణము తన్ను తానే గేలిచేసికొన్నది గనుక ఆ నవ్వు గ్రుచ్చుకొనదు. అయితే లండను కూలివాని యాసను అనుకరించి నవ్వువాడు కూలివాడు కాక చదువుకొన్న దొరబిడ్డయైనచో? అప్పుడు "తమవారు" అనుమాట కొంచెము పలుచబడును. మనమును ఈ విషయమున నిర్దోషులము కాము. తెలుగు చలనచిత్రములలో చాలకాలము తెలంగాణపు యాస హాస్యగానికిని, దుష్టునికిని దక్కినదేగాని నాయకునికి దక్కలేదు. ఆ దినములలో నెవరైన అభ్యంతరము చెప్పినచో వచ్చిన ప్రత్యుత్తరము "హాస్యమును హాస్యముగా తీసికొనరాదా?" యనునదే.

ఇక 2022 నాటి వివాదము. దానిని గ్రహించుటకు ఇంచుమించు రెండువందల యేండ్ల వెనుకటి అమెరికా నాటకశాలలోనికి పోవలెను. 1830 ప్రాంతమున థామసు రైసు అను శ్వేతనటుడు మొగమునకు కాల్చిన బెండుమసి పూసికొని, చింపిగుడ్డలు తొడిగి, బానిసనీగ్రో వేషముతో గంతులువేసి పాడి విశేషఖ్యాతి నార్జించెను. ఆ పాత్ర పేరు జిమ్ క్రో. 1843లో న్యూయార్కున నలుగురు శ్వేతులు జట్టుకట్టి ఒక ప్రదర్శనమంతయు ఈ వేషముతోనే జరిపిరి. అది మొదలు "మిన్‌స్ట్రెలు" ప్రదర్శనములు దేశమంతట వ్యాపించినవి. వాద్యము చేతబట్టి, పండ్లికిలించి, కాళ్ళు విసరుచు గంతులిడు నల్లవాని బొమ్మ గోడపత్రికలమీదను, పాటల పుస్తకములపైనను అచ్చుపడెను. బానిసకు కష్టము తెలియదు, దెబ్బ తగిలినను నొప్పి యుండదు, యజమానుని నీడలో నుండుటయే వానికి సుఖము - ఇవి ఆ ప్రదర్శనములు నేర్పిన పాఠములు. స్వయముగా బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లసు 1848లోనే తన పత్రికలో దీనిని తీవ్రముగ ఖండించెను. తరువాత జాతులను వేఱుపఱచు శాసనములకు జనులు పెట్టిన పేరేమి? ఆ నటుని పాత్రపేరే: జిమ్ క్రో శాసనములు. అవి 1960వ దశాబ్దివఱకు చెల్లుబడియైనవి. రంగస్థలముపైని నవ్వు పేరు శాసనమున కెక్కుట లోకచరిత్రలో అరుదు.

ఇప్పుడు హడోజీల సంగతి. ఇది వానరరూపము గల జాతి. చేతులకును కాళ్ళకును నడుమ చర్మపుపొర యుండుటచే గాలిలో జాఱుచు దిగగలదు. నక్షత్రమండలములలో తిరుగు నోడలను గూర్చిన "స్పెల్‌జామర్" అను కథాప్రపంచమున 1990లో నావికులుగా వీరు కనబడిరి. అంతకుముందు 1982లో అదే సంస్థవారి వేఱొక యాటలో యాజీరియనులను పేరుతో నిట్టి జాతి యుండెను. 2022 ఆగస్టు నెలలో ఆ ప్రపంచము క్రొత్తగ్రంథముగా వెలువడినప్పుడు వీరికొక పుట్టుపూర్వోత్తరము కూర్పబడెను. హడోజీలు మొదట తెలివిలేని చిన్న మృగములట. ఒక మాంత్రికుడు నావలతో వచ్చి, శిష్యులచే వలలుపన్ని వారిని పట్టించి, ఒక రసాయనము త్రాగించి, తెలివిగల ద్విపాదులుగా మార్చెనట. ఆ రసాయనమువలన గాయములకు తాళుకొను శక్తి వారికి హెచ్చెనట. వారిని సైన్యముగా తీర్చి, హెచ్చు వెల యిచ్చువానికి విక్రయించుట ఆతని సంకల్పము. శిష్యులు జాలిపడి, హడోజీలతో గలిసి గురువును చంపి, వారిని విడిపించిరి. ఈ కథకు తోడు, వాద్యము పట్టుకొని గంతువేయుచున్న హడోజీ చిత్రమొకటి వేసిరి.

ఆ గ్రంథము తెఱచిన నల్లజాతి యాటగాండ్రకు ఏమి కనబడెనో వేఱుగ చెప్పవలెనా? నావలలో వచ్చి పట్టుట, వెలకట్టుట, దెబ్బకు తాళు శరీరము, దయగల యజమానులవలన విమోచనము, చివర చేతిలో వాద్యము, కాళ్ళలో గంతు. నల్లవారిని కోతులతో పోల్చుట యను పురాతనపు తిట్టు వీని కన్నింటికి అడుగున నున్నది. వీనిలో నేదైన నొక్కటి యొంటరిగా నున్నచో ఎవరును పలుకకపోవుదురు. అన్నియు నొకచోట గూడుటతో మిన్‌స్ట్రెలు గోడపత్రిక మరల అతికించినట్లైనది.

అంతట వాదము చెలరేగెను. "కోతిని జూచి నల్లవారిని తలచుకొన్న మీరే జాతిద్వేషులు" అని కొందఱనిరి. ఇది చమత్కారముగా నున్నదేగాని తర్కము కాదు. తిట్టును గుర్తించినవాడే తిట్టినవాడగునా? "ఇది కల్పన, హడోజీ యెచ్చటనైన నున్నాడా, ఏడ్చుటకు?" అని మఱికొందఱు. హడోజీ లేడు, నిజమే. కాని ఆ బొమ్మ మూలము ఉన్నది, దానివలన అవమానము పొందినవారి మనుమలు ఉన్నారు, వారు ఆ బల్లచుట్టే కూర్చుండి పాచికలు వేయుచున్నారు. కల్పన యనునది శూన్యమునుండి పుట్టదు. గ్రంథకర్త తన జ్ఞాపకముల గిడ్డంగిలో చేయిపెట్టి అందినది తీయును. ఎవరు దాచిన సరకో చూడక తీసినచో నిట్లగును. మూడవ పక్షమువారు, ఇకమీదట ఏ జాతిని గూర్చియు నవ్వులాట వలదు, అన్నిజాతులును సమానముగ గంభీరములై యుండవలెననిరి. వీరితోను నేనేకీభవింపజాలను. నవ్వు లేని బల్లకడ నెవడును రెండవసారి కూర్చుండడు.

ప్రచురణకర్తలు - 1997లో మొదటి సంస్థను కొనిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్టు వారు - 2022 సెప్టెంబరు 2వ తేదీన తప్పొప్పుకొనిరి. విద్యుద్ గ్రంథమునుండి ఆ కథాభాగమును, చిత్రమును తొలగించిరి. తరువాతి ముద్రణములలోను మార్తుమనిరి. ఆ నవంబరులో, ఇకపై ప్రతివాక్యమును ప్రతిచిత్రమును అచ్చునకు ముందు బయటి సాంస్కృతికనిపుణులు పరీక్షింతురని ప్రకటించిరి. ఇట్టి సంస్కరణ వారికి మొదటిది కాదు. 2020 జూనులోనే, ఆర్కులు మున్నగు కొన్నిజాతులను పుట్టుకచేతనే దుష్టులుగా వర్ణించుట వాస్తవజాతులపై జరిగిన నిందలను జ్ఞప్తికి దెచ్చుచున్నదని యొప్పుకొనియుండిరి. 2022 డిసెంబరులో "రేసు" అను పదమునే విడుతుమని చెప్పి, 2024 నాటి క్రొత్త కరదీపికలో "స్పీసీసు" అను పదము వాడిరి. పదము మార్చుటవలన గుణము మాఱునా యని అడుగువారు కలరు; ప్రాణిశాస్త్రపు మాట మఱింత గట్టి గోడ కట్టినదని ఆక్షేపించువారును కలరు. పాతగ్రంథములను వారు దాచివేయలేదు. విద్యుత్ప్రతులుగా నేటికిని అమ్ముచున్నారు. వానిలో ఆ కాలపు దురభిప్రాయము లుండవచ్చునని యొక హెచ్చరిక చేర్చిరి. ఇది మెచ్చదగిన పద్ధతి. చింపివేసిన పుటనుండి ఎవడును ఏమియు నేర్చుకొనజాలడు.

నవ్వు విషము కాని స్థలము నొకదానిని చూపి ముగింతును. నోమ్‌లను జాతిని పైన బేర్కొంటిని. మన యిల్లాండ్రు పట్టు నోములకును దీనికిని సంబంధము లేదు. 2004 నవంబరులో వెలువడిన "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టు" అను కంప్యూటరు ఆటలో వీరు మోకాలెత్తు మనుష్యులు, యంత్రనిర్మాణమున నిపుణులు. వీరి కథ నవ్వదగినది కాదు. శత్రువులు తమ పట్టణములో జొఱబడగా, వారిని చంపుటకు వీరు విడిచిన విషకిరణములు తమవారినే బలిగొన్నవి; మిగిలినవారు పట్టణము విడిచి డ్వార్ఫుల రాజధానిలో శరణార్థులైరి. అయినను ఆటగాండ్రకు వీరు కాలిబంతులు. నోమ్‌ను చూచినవాడెల్ల "తన్నుదునా?" యనువాడే. ఏండ్లతరబడి ఇదే వేళాకోళము.

నోమ్ పాత్రలు ధరించినవారు దీనికి క్షమాపణ కోరలేదు. ఈ నవ్వు వెనుక ఏ బానిసనావయు, ఏ గోడపత్రికయు లేదు. పొట్టివారిని వెక్కిరించు చిన్నతనము కొంత యున్నదని యందును, కాని తన్నుదుననువాడు మఱునాడు తానే నోమ్‌గా పుట్టవచ్చును, పుట్టుచున్నాడు. ఆటగాండ్రు కొందఱు ఈ వెక్కిరింతనే వేడుకగా మార్చిరి. గులాబివన్నె జుట్టుగల నోమ్‌లను వందలకొలది సృష్టించి, వారు పోగొట్టుకొన్న పట్టణము కడనుండి దక్షిణమున నున్న ఓడరేవువఱకు నొక్కటిగా పరుగెత్తించి, ఆ సందర్భమున రొమ్ము క్యాన్సరు పరిశోధనకై విరాళములు ప్రోగుచేసిరి. 2017లో ఆట నడపు సంస్థయే ఈ పరుగును తన పంచాంగమున నొక పండుగదినముగా చేర్చెను. క్రొత్తగా పుట్టించిన పాత్రలగుటచే వారికి బలము లేదు. త్రోవలో మొసళ్ళకును పులులకును ఆహారమగుదురు. పడినవారు మరల లేచి, జుట్టు సవరించుకొని, ముందుపోయిన గుంపును కలిసికొనుటకు పరుగిడుదురు.